నేలమీద ఈత

బొటనవేళ్ళు రెండూ లోపలికి దూర్చి, నడుము పట్టీని సాగదీసి వదిలాడు. 'టప్'మని దగ్గరికొచ్చింది. రాడ్డుకి తగిలించాడు. ఇంకొకటి తీసి సాగదీశాడు. ఇది మాత్రం మధ్యాహ్నం కునుకు తీసి లేచిన మనిషిలా బద్ధకంగా, తీరిగ్గా ముడుచుకుంది.

"నువ్వు పనికిరావు నాయనా" అని దాన్ని కింది అరలోకి తోశాడు.

రోజూ పొద్దున్నే, కింద షట్టరు పూర్తిగా లేవకముందే, దుకాణం మూడో అంతస్తులో చిట్టచివరి మూలన జరిగే పని ఇది. ఆ మూలకి రావాలంటే సాక్సులు దాటాలి, బెల్టులు దాటాలి, ఆ తరవాత గొడుగులూ రెయిన్‌కోట్లూ దాటాలి. అంతా దాటి వస్తే గోడవారగా నాలుగు రాడ్లమీద మగవాళ్ళ ఈత దుస్తులు వేలాడుతుంటాయి. మోకాళ్ళదాకా వచ్చే వదులు నిక్కర్లు, తొడలని అంటిపెట్టుకునే బిగుతువి, పోటీల్లో ఈదేవాళ్ళు వేసుకునే పిడికెడంతవి. చూడగానే ఆడవాళ్ళు నవ్వు ఆపుకుని పక్కకి తిరుగుతారు. మగవాళ్ళు గొడుగులు చూస్తున్నట్టు నటిస్తూ ఓరకంట ఇటు చూస్తారు. అలా చూసేవాణ్ణి మొహమాటం వదిలించి ఇవతలికి లాక్కురావడమే ఇరవై ఏడేళ్ళుగా ఆయన ఉద్యోగం.

పొట్టి మనిషి. రంగేసిన మీసం, నున్నగా దువ్విన జుట్టు, ముక్కుమీద కళ్ళజోడు, మెడలో దండలా టేపు. అయితే ఆ టేపుతో ఆయనకి పెద్ద పనుండదు. మనిషి మెట్లెక్కి వస్తుండగానే నడుమెంతో చెప్పేస్తాడు. బట్ట రాసుకుని రాసుకుని వేళ్ళ చివర్లు గీతలు పోయి నున్నబడ్డాయి. దుకాణంలో అందరూ ఆయన్ని 'ఈత మాస్టారూ' అని పిలుస్తారు. హాజరుపట్టీలో తప్ప ఆయన సొంత పేరు ఎక్కడా వినబడదు.

ఈత మాస్టారుకి ఈత రాదు.

దాని వెనక విషాదమేమీ లేదు. చిన్నప్పుడు నీళ్ళల్లో పడిందీ లేదు, ఎవరో మునిగిపోతుంటే చూసిందీ లేదు. ఆయన పుట్టిపెరిగిన చోట దిగడానికి నీళ్ళు లేవు, అంతే. ట్యాంకరు వస్తే బిందెలు పట్టుకుని పరిగెత్తేవాళ్ళు. ఆ బిందెల్లో ఈదడం కుదరదు కదా.

చొక్కాల సెక్షన్ నుంచి ఆయన్ని ఈ మూలకి మార్చిన మొదటి వారంలో ఒక కాలేజీ కుర్రాడు వచ్చాడు. రెండు నిక్కర్లు పట్టుకుని, "ఏది మంచిదండీ? మీరు ఏది వాడతారు?" అని అడిగాడు. తెలీదు అంటే బేరం పోతుంది. "నేనా? రోజూ ఇదే" అన్నాడు ఈయన, కుడిచేతిలోది చూపించి. కుర్రాడు సంతోషంగా కొనుక్కుపోయాడు. అంత చిన్న అబద్ధం. కానీ అది ఒకచోట కూర్చునే రకం కాదు. మరునాడు కుర్రాడి స్నేహితులొచ్చారు. 'కాళ్ళెలా కొట్టాలండీ' అన్నారు. వచ్చే పోయే కొనుగోలుదార్ల దగ్గర విన్నదంతా కలిపి, ఈయన చొక్కా చేతులు మడిచి, గాల్లో చేతులు తిప్పుతూ, తల ఇటూ అటూ వాలుస్తూ చూపించాడు. అప్పటినుంచీ నేలమీద ఆయన ఈదని ఈత లేదు. ఎండాకాలం వచ్చిందంటే, సాక్సులు కొనడానికి వచ్చినవాళ్ళు కూడా ఆగి చూసేవాళ్ళు.

ఇవాళ ఆయన ఆఖరి రోజు. అరవై నిండాయి. యజమాని పొద్దున్నే పైకొచ్చి, రెండు చేతులూ పట్టుకుని, "రేపు సాయంత్రం అందరం కలిసి టీ తాగుదాం, తప్పకుండా రావాలి" అని చెప్పి వెళ్ళాడు. దానికి మాస్టారు దిగులు పడలేదు. ఆయన దిగులంతా సాయంత్రం అయిదున్నర గురించి.

పై అంతస్తులో, రేకుల కప్పు కింద, కుట్టుమిషన్ల గదిలో ఆయన భార్య ప్యాంట్ల పొడుగు తగ్గిస్తుంది, నడుములు సరిచేస్తుంది. రెండు నెలల కిందట ఈతకొలనులో నేర్పే అమ్మాయి తన డ్రెస్సు భుజం పట్టీ తెగిందని పట్టుకొచ్చింది. పట్టీ కుట్టేలోపు ఇద్దరూ కబుర్లలో పడ్డారు. మరుసటి సోమవారం నుంచి ఈవిడ యాభై ఆరో ఏట ఆడవాళ్ళ బ్యాచిలో చేరిపోయింది. ఇప్పుడు కొలను అడ్డంగా ఈ చివర్నుంచి ఆ చివరికి ఆగకుండా వెళ్తోంది. ఇంటికొచ్చి తడిజుట్టు తుడుచుకుంటూ ఆవిడ నవ్వే నవ్వు చూస్తుంటే మాస్టారుకి ముచ్చటేసేది. కాస్త కుళ్ళుగానూ ఉండేది.

"యాభై అయిదు దాటినవాళ్ళకి సాయంత్రం కొత్త బ్యాచి పెడుతున్నారు. ఆడా మగా కలిసే. మీ పేరూ ఇచ్చేశాను" అంది వారం కిందట.

"నేనా? అక్కడా?"

"మరి నేను నీళ్ళల్లో ఉంటే మీరు గట్టుమీద తువ్వాలు పట్టుకుని కూర్చుంటారా?"

కూర్చోడానికి ఆయనకి అభ్యంతరం లేదు. ఊళ్ళో ఉన్నది ఒక్కటే కొలను. అక్కడ ఈదే మగవాళ్ళలో సగంమంది నడుములు ఈయన చూసి చెప్పినవే. వాళ్ళందరి ముందూ, ఇరవై ఏడేళ్ళు మాస్టారనిపించుకున్న మనిషి, కమ్మీ పట్టుకుని 'అఆ'ల దగ్గర మొదలుపెట్టాలి. తలచుకుంటేనే చెవులు వేడెక్కుతున్నాయి. ఇవాళ పొద్దున్న బయల్దేరేటప్పుడు ఆవిడ మళ్ళీ గుర్తుచేసింది.

"ఊరందరికీ ఇచ్చారు. ఇవాళ మీది మీరు కొనుక్కోండి. సరైన డ్రెస్సు లేకపోతే ఆ పిల్ల లోపలికి రానివ్వదు."

సాయంత్రానికి ఒళ్ళు వెచ్చబడ్డట్టు చెప్పొచ్చు. నడుము పట్టేసిందనొచ్చు. పట్టీలు సాగదీస్తూ ఆయన ఈ రెండింట్లో ఏది నమ్మకంగా ఉంటుందా అని ఆలోచిస్తున్నాడు.

పదకొండింటికి కొత్తగా పెళ్ళయిన జంట వచ్చింది. ఆ అమ్మాయి చిలకలున్నది తీస్తే అబ్బాయి నల్లది తీశాడు. అరగంట వాదించుకుని ఆఖరికి రెండూ కొనుక్కున్నారు. వాళ్ళు వెళ్ళాక, గొడుగుల దగ్గర ఒక భారీ మనిషి తచ్చాడుతూ కనబడ్డాడు. ఒకే గొడుగుని మూడుసార్లు విప్పి మూడుసార్లు మూశాడు. మాస్టారు ఆయన వైపు చూడకుండా, రాడ్డు సర్దుతూనే, "ఇటు రండి, ఇక్కడ గాలి బాగా వస్తుంది" అన్నాడు.

భారీ మనిషి గబగబా వచ్చాడు. మనిషి గుమ్మమంత ఉన్నాడు. ఎడమ మోకాలు కొంచెం ఈడుస్తున్నాడు.

"ఫ్రెండ్ కోసమండీ" అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

"అలాగే. ఫ్రెండ్‌గారు ఎలా ఉంటారు?"

"నా అంతే ఉంటాడు."

"ఎత్తు?"

"ఎత్తూ నా అంతే."

"నలభై నాలుగు" అన్నాడు మాస్టారు. "పొట్టమీద కడతారా, పొట్టకింద కడతారా?"

"కింద కడతా." నాలిక కరుచుకుని, "కడతాడు" అన్నాడు.

మాస్టారు నవ్వలేదు. ఆ మూలలో నవ్వకూడదని ఆయన మొదటి ఏడాదే నేర్చుకున్నాడు. మూడు నిక్కర్లు తీసి బల్లమీద పరిచాడు. లోపలి జాలీబట్ట వేళ్ళతో పైకెత్తి చూపించాడు.

"ఇది మెత్తగా ఉండాలి. గరుగ్గా ఉంటే తొడలు ఒరుసుకుపోతాయి. బొందు తప్పకుండా ఉండాలి. ఎలాస్టిక్ ఒక్కదాన్నే నమ్ముకుంటే దూకినప్పుడు మనం ఒకచోట తేలతాం, అది ఒకచోట తేలుతుంది. తెలుపు మాత్రం వద్దండి. పొడిగా ఉన్నంతసేపే దాని మర్యాద."

భారీ మనిషి ఆ మాటకి పడీ పడీ నవ్వాడు. నవ్వాక మనిషి తేలికపడ్డట్టు కనిపించాడు. నీలంది ఎంచుకున్నాడు.

"మీ కొలతే అన్నారుగా, మీరే ఒకసారి వేసి చూడండి. బనీనూ డ్రాయరూ ఉంచుకుని, దానిమీదే. లోపల ఒకసారి గొంతుక్కూర్చుని లేవండి. చిరిగేదేదో ఇక్కడే చిరగాలి."

వేసి చూసుకునే గది తెర లాగిన చప్పుడయింది. లోపల కాసేపు తంటాలు పడుతున్న అలికిడి. తరవాత తెర వెనకనుంచి గొంతు వినిపించింది.

"మాస్టారూ, మీకు ఈత బాగా వచ్చా?"

'రోజూ కొడతా' అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఇరవై ఏడేళ్ళుగా అరిగిన దారి అది, దానంతటదే వచ్చేస్తుంది. కానీ ఎదురుగా మొహం లేదు. గోధుమరంగు తెర ఒకటే ఉంది. తెరతో చెప్పడం అంత కష్టమనిపించలేదు.

"రాదండి" అన్నాడు.

లోపల అలికిడి ఆగిపోయింది. తెర పక్కనుంచి తల ఒకటి బయటికొచ్చింది. "అంటే?"

"అంటే అస్సలు రాదు. బకెట్లో చెంబు ముంచడం తప్ప నీళ్ళతో నాకు ఇంకో సంబంధం లేదు."

ఆ తల కాసేపు ఆయన్ని అలాగే చూసింది. తరవాత తెర పూర్తిగా పక్కకి జరిగింది. బనీను, నీలం నిక్కరు, వాటిమధ్య దర్జాగా బయటికొచ్చిన పొట్టతో ఆ మనిషి గుమ్మం నిండా నిలబడ్డాడు.

"ఆ ఫ్రెండు నేనేనండి" అన్నాడు.

"తెలుసండి."

"క్రేన్ డ్రైవర్ని. మోకాలు అరిగింది. నీళ్ళల్లో నడవమన్నాడు డాక్టరు. రెండుసార్లు మీ దుకాణం కిందిదాకా వచ్చి, రుమాళ్ళు కొనుక్కుని వెనక్కెళ్ళా. అంత ఎత్తున క్రేన్‌లో ఒక్కణ్ణే కూర్చుంటానండీ, గాలికి క్యాబిన్ ఊగినా భయం లేదు. ఈ నిక్కరేసుకుని పదిమందిలో నిలబడాలంటే మాత్రం కాళ్ళు చల్లబడిపోతున్నాయి."

"ఎప్పుడు చేరతారు?"

"ఇవాళ అయిదున్నరకి కొత్త బ్యాచి ఉందన్నారు. చేరతానో లేదో."

"చేరండి. నేనూ వస్తున్నా" అన్నాడు మాస్టారు. అన్న తరవాతగానీ ఏమన్నాడో ఆయనకి తెలియలేదు.

క్రేన్ డ్రైవరు సంచీ ఊపుకుంటూ మెట్లు దిగిపోయాడు. మాస్టారు బల్లకి ఆనుకుని ఊపిరి పీల్చుకుంటుంటే పక్క కౌంటర్లోంచి గొడుగులాయన గొంతు సవరించుకున్నాడు. సన్నగా పొడుగ్గా, మూసిన గొడుగులాగే ఉంటాడు. రోజుకి పది మాటలకి మించి మాట్లాడడు.

"ఇవాళ చెప్పేశారన్నమాట" అన్నాడు.

"విన్నావా?"

"ఇవాళ వినడమేంటి మాస్టారూ. నాకు పదేళ్ళనుంచీ తెలుసు."

బల్లకి ఆనుకున్న మాస్టారు నిటారుగా నిలబడ్డాడు.

"తల పక్కకి తిప్పినప్పుడు ఊపిరి వదలమని చెప్తారు చూడండి. అప్పుడు పీల్చాలి. వదలాల్సింది నీళ్ళల్లో. మీరు చెప్పినట్టు చేస్తే ఎవడైనా సగం కొలను తాగి రావాల్సిందే."

"నీకెలా తెలుసు?"

"నేను చిన్నప్పట్నించీ ఈదుతా. ప్రతి ఆదివారం కొలనుకి వెళ్తా."

"నా దగ్గర ఒక్క నిక్కరు కొనలేదే ఎప్పుడూ!"

"మీ దగ్గర కొంటే మీరు నాకూ నేర్పుతారుగా." గొడుగులాయన మొహంలో నవ్వు ఒక పక్కనుంచి బయల్దేరింది. "మీరు నేర్పినవాళ్ళు అక్కడికే వస్తారు. ఊపిరి ఒక్కటి నేను సరిచేసి చెప్తుంటా. మిగతాదంతా మీరు చెప్పింది సరిగ్గానే ఉంటుంది."

"పదేళ్ళనుంచీ?"

"మీరు చేతులు తిప్పుతూ చెప్తుంటే ఈ మూలంతా కళకళలాడేది. దాన్ని చెడగొట్టడం ఎందుకు?"

మాస్టారుకి సిగ్గుతో మొహం దాచుకోవాలనిపించింది. దాచుకోబోయేలోపే నవ్వు తన్నుకొచ్చింది. ఆయన నవ్వు చూసి గొడుగులాయనా మొదలుపెట్టాడు. బెల్టుల దగ్గరున్న అమ్మాయి ఏమైందో తెలీకపోయినా తనూ నవ్వింది. ఆ మూలలో నవ్వకూడదన్న నియమం ఆఖరి రోజున అలా నీళ్ళల్లో కలిసింది.

నాలుగింటికి భార్య మెట్లు దిగి వచ్చింది. జుట్టులో రెండు దారప్పోగులు, చీరకుచ్చిళ్ళకి గుచ్చుకున్న గుండుసూది.

"కొన్నారా?"

"ముప్పైనాలుగు తీస్తున్నా."

ఆవిడ ఆయన మెడలోంచి టేపు లాగి నడుము చుట్టూ తిప్పింది. అంకె చూసి, ఆయనకి చూపించింది. ముప్పై ఎనిమిది.

"టేపు సాగింది" అన్నాడు మాస్టారు.

"టేపు కాదు సాగింది."

"నా ప్యాంటు ముప్పైనాలుగేగా! చీటీ మీద చూడు కావాలంటే."

"చీటీ అలాగే ఉంచి ఏటా నేనే కాస్త కాస్త వదులు చేస్తున్నానండీ. ఇప్పటికి ఎన్నేళ్ళయిందో. మీరు 'ఇరవై ఏళ్ళుగా ఒకటే సైజు' అని అందరికీ గొప్పగా చెప్పుకుంటుంటే, పోనీలే అని ఊరుకున్నా."

ఊళ్ళో అందరి నడుములూ చూపుతో కొలిచిన మనిషి తన నడుమువైపు అప్పుడు చూసుకున్నాడు. గొడుగులాయన గొడుగులవైపు తిరిగి భుజాలు కదుపుతున్నాడు.

"ఇంకా ఏమేం దాచారు మీరందరూ?" అన్నాడు మాస్టారు.

"ప్రస్తుతానికి ఇంతే" అంది ఆవిడ.

ఆయన చెయ్యి అలవాటుగా నీలం నిక్కర్లవైపు వెళ్ళింది. నీలం ఎవరికైనా నప్పుతుంది, మరక కనబడదు, వయసుకి తగ్గట్టుంటుంది. ఈ మాటలే ఆయన వేలసార్లు చెప్పాడు.

"కొనేవాళ్ళకి చెప్పేది కాదు. మీకేది ఇష్టమో అది తీసుకోండి" అంది భార్య.

మాస్టారు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తరవాత నాలుగో రాడ్డు దగ్గరికెళ్ళి, అన్నింటికన్నా లోపలున్నది బయటికి లాగాడు. నారింజరంగు, దానిమీద పసుపుపచ్చ చేపలు. ఎవరైనా ఆ రాడ్డు వైపు వస్తే దాన్ని లోపలికి నెట్టేస్తూ వచ్చానని, నాలుగేళ్ళుగా దాన్ని ఒక్కరికీ చూపించలేదని ఆయనకి అప్పుడే అర్థమయింది. సైజు చీటీ చూశాడు. ముప్పై ఎనిమిది. భార్య చూడకుండా బొటనవేళ్ళు దూర్చి సాగదీశాడు. 'టప్'మంది.

ఇరవై ఏడేళ్ళలో ఆయన ఆ తెరకి లోపలివైపు నిలబడటం ఇదే మొదటిసారి. అద్దంలో తెల్లగా పాలిపోయిన రెండు కాళ్ళు కనిపించాయి. వాటి పైన చేపలు ఈదుతున్నాయి. గొంతుక్కూర్చుని లేచాడు. మోకాళ్ళు కిర్రుమన్నాయి గానీ కుట్టు చెక్కుచెదరలేదు.

"ఎలా ఉంది?" బయటినుంచి ఆవిడ గొంతు.

"వయసుకి తగ్గట్టు లేదు" అన్నాడు సంతోషంగా.

అయిదింటికి బల్ల తుడిచాడు. రాడ్లమీద హ్యాంగర్లన్నీ ఒకే దిక్కుకి తిప్పాడు. మెడలో టేపు తీసి, చుట్టలా చుట్టి, గొడుగులాయన చేతిలో పెట్టాడు. "చూసుకో" అన్నాడు. "చూసుకుంటా" అన్నాడు ఆయన. భార్యాభర్తలు రోజూలాగే మెట్లు దిగారు. సాక్సుల దగ్గర ఎవరో ధర బేరమాడుతున్నారు. వెనక్కి తిరిగి చూసుంటే, గొడుగులాయన తన స్టూలుని రెండు కౌంటర్లకీ మధ్యకి జరుపుకోవడం కనబడేది. మాస్టారు తిరిగి చూడలేదు. బస్సు అందుకోవాలి.

కొలను దగ్గర క్లోరిన్ కలిపిన నీళ్ళ వాసన గేటు దాటకముందే ముక్కుకి తగిలింది. మగవాళ్ళ గదిలోంచి మాస్టారు తువ్వాలు నడుముకి బిగించి, గోడవారగా నడిచొచ్చాడు. క్రేన్ డ్రైవరు అప్పటికే లోతులేని వైపు నడుందాకా నీళ్ళల్లో నిలబడి, రెండు చేతులా కమ్మీ పట్టుకుని ఉన్నాడు.

"వచ్చారా! రారేమో అనుకున్నా" అని కొలనంతా మారుమోగేలా అరిచాడు.

అవతలి వరసలో ఈదుతున్న ఇద్దరు కుర్రాళ్ళు తలలెత్తారు. ఒకడు గుర్తుపట్టాడు. "ఒరేయ్, ఈత మాస్టారు!" అన్నాడు. "మాస్టారూ, ఇటు లోతువైపు రండి!"

భార్య నీళ్ళల్లోంచి ఆయన వంక చూసింది.

"నేర్చుకోడానికొచ్చాను నాయనా, ఇవాళే మొదలు" అన్నాడు మాస్టారు. గొంతు ఆయన అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది.

కుర్రాళ్ళు మొహామొహాలు చూసుకున్నారు. తరవాత ఒకడు నీళ్ళమీద అరచేత్తో చప్పట్లు కొట్టాడు. రెండోవాడూ కొట్టాడు. క్రేన్ డ్రైవరు కమ్మీ వదిలి మరీ కొట్టాడు, వెంటనే మళ్ళీ పట్టుకున్నాడు. విజిల్ మెడలో వేసుకుని, ఈత నేర్పే సన్నటి అమ్మాయి పరిగెత్తుకొచ్చింది.

"తువ్వాలు ఇటివ్వండి అంకుల్. అబ్బో, చేపలు కూడా తెచ్చుకున్నారే!"

మొదటి మెట్టు దగ్గర చీలమండలు జిల్లుమన్నాయి. రెండో మెట్టుకి మోకాళ్ళు. మూడో మెట్టు దిగేసరికి పొట్ట లోపలికి లాక్కుపోయి, ఒక్క క్షణం నిజంగానే నడుము ముప్పైనాలుగయింది. ఆయన 'హా' అని నోరు తెరిచాడు. భార్య నీళ్ళు కోసుకుంటూ వచ్చి రెండు చేతులూ పట్టుకుంది. ముప్పై మూడేళ్ళ కాపురంలో ఆవిడ ఆయనకి ఏదైనా నేర్పిన సందర్భాలు చాలా ఉన్నాయి గానీ, ఇలా చేతులు పట్టుకుని ఎప్పుడూ నేర్పలేదు.

"మొహం నీళ్ళల్లో పెట్టండి. ఊపిరి లోపలే వదలాలి."

"తెలుసు. ఇవాళే నేర్చుకున్నా."

మొహం పెట్టాడు. చెవుల్లోకి నీళ్ళొచ్చాయి. అంతే, ప్రపంచంలో చప్పుళ్ళన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ముక్కులోంచి బుడగలు గలగలా పైకెళ్ళాయి. కాళ్ళు వాటంతటవే నేలని వదిలేశాయి. పొద్దస్తమానం నిలబడే ఉన్న కాళ్ళు, ఏ బరువూ లేకుండా, వెనక ఎక్కడో తేలుతున్నాయి. తన చేతులు ఇంకా ఆవిడ చేతుల్లోనే ఉన్నాయా, లేక ఆవిడ వదిలేసిందా అని ఒక్క క్షణం ఆలోచించాడు. వదిలేసింది. తెలిసేసరికి కాళ్ళు అడుగుకి తగిలాయి. దగ్గుతూ, ముక్కుతూ, మీసం రంగు చెంపమీదికి కారుతూ లేచి నిలబడ్డాడు.

"ఎంతసేపున్నాను?"

"మూడు సెకన్లు" అంది ఆవిడ, పగలబడి నవ్వుతూ.

"ఇంకోసారి" అన్నాడు మాస్టారు.

గట్టుమీద, బట్టలు మార్చుకునే గది గోడ పక్కన, ఆయన నల్లబూట్లు ఉన్నాయి. మడమల దగ్గర బయటివైపు ఏటవాలుగా అరిగి, రోజంతా నిలబడే మనిషి పాదాల్లాగే కొంచెం ఎడంగా నిలబడి ఉన్నాయి. ఒకదాంట్లో చుట్టిపెట్టిన సాక్సులు. ఇంకోదాంట్లో కళ్ళజోడు, దాని కుడి అద్దంమీద ఇప్పుడే ఎగిరొచ్చి పడ్డ నీటిబొట్టు.